పదో తరగతి తర్వాత దారి చూపే మనిషి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో హైదరాబాదు పాతబస్తీకి చెందిన ఒక విశ్రాంత ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. సంఘ సభ్యులందరి ఉపయోగార్థం ప్రచురిస్తున్నాము.)

పశువుల మేపు గురించో, వెన్న శాతం గురించో మాట్లాడవలసిన చోట బడిపంతులుకు ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నన్ను పిలిచిన పెద్దలు ఒక మాట చెప్పారు. జూన్ నెల వచ్చిందంటే సంఘం దగ్గర పాలు పోయడానికి వచ్చిన సభ్యులు దాణా ధర కన్నా ఎక్కువగా పిల్లల చదువు గురించే అడుగుతారట. పిల్ల పదో తరగతి పాసయింది, ఇక ఏ గ్రూపు తీసుకోవాలి, ఎక్కడ చేర్చాలి, ఎంత అవుతుంది అని. మా పాతబస్తీలో కూడా తల్లిదండ్రులు అడిగేది ఇదే. లాడ్ బజారులో గాజుల దుకాణంలో పనిచేసే తండ్రి, ఆటో నడిపే తండ్రి, ఇంట్లో జరీ పని చేసే తల్లి, నాలుగు బర్రెలతో తబేలా నడుపుకునే ఆసామి, అందరిదీ ఒకే ప్రశ్న. మీరు పంపే పాలతో మా గల్లీల్లో చాయ్ కాగుతుంది. మీ ఇళ్ళలోని ప్రశ్న, మా ఇళ్ళలోని ప్రశ్న ఒకటే కాబట్టి, నాకు తెలిసిన నాలుగు మాటలు మీతో పంచుకోవడానికి వచ్చాను.

ఈ పనికి ఒక పేరు ఉంది

ఉన్నత పాఠశాలలో పిల్లవాడి చదువు, శక్తి, అభిరుచి గమనించి, ముందున్న దారులు చెప్పి, కాలేజీలో చేరేదాకా వెంట ఉండే వ్యక్తిని మార్గదర్శక ఉపాధ్యాయుడు అంటారు. కౌన్సిలర్ అన్నా ఆయనే. ఈ పని ఒక పద్ధతిగా మొదలైంది అమెరికాలోని బోస్టన్ నగరంలో. అక్కడ ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన 1908లో ఇందుకోసం ఒక కార్యాలయం తెరిచారు. ఆయన చెప్పిన పద్ధతిలో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది, పిల్లవాడు తనను తాను తెలుసుకోవడం. రెండవది, ప్రతి వృత్తికి ఏం కావాలో, అందులో లాభనష్టాలేమిటో తెలుసుకోవడం. మూడవది, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం. వందేళ్ళు దాటినా ఈ మూడు మెట్లు మారలేదు.

మన దేశంలోనూ పెద్దలు దీన్ని మరచిపోలేదు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో మార్గదర్శక సేవ ఉండాలని సిఫారసు చేసింది. 1954లో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో విద్యా, వృత్తి మార్గదర్శక కేంద్రాన్ని నెలకొల్పింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ మార్గదర్శకం ప్రాథమిక తరగతుల నుంచే ఉండాలన్నది. 2020 జాతీయ విద్యా విధానం కూడా బడుల్లో కౌన్సిలర్లు ఉండాలన్నది. ఇన్ని సిఫారసులు ఉన్నా, మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలావాటిలో ఇందుకోసం వేరే ఉద్యోగి లేరు. అమెరికాలో 250 మంది పిల్లలకు ఒక కౌన్సిలర్ ఉండాలని వారి వృత్తి సంఘం చెబుతుంది. మన దగ్గర లెక్కల మాస్టారో, ఇంగ్లీషు టీచరమ్మో తమ పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన సమయంలో ఈ పని నెత్తిన వేసుకుంటారు. వేసుకోని చోట పిల్లవాడికి దారి చెప్పేది పక్కింటి వాళ్ళు, లేదా ప్రైవేటు కాలేజీ తరఫున ఇల్లిల్లూ తిరిగే మనిషి.

పాతబస్తీ నేర్పిన పాఠం

మా పాతబస్తీలో కాలేజీలు లేవని ఎవరూ అనలేరు. మూసీ ఒడ్డున హైకోర్టు దగ్గర సిటీ కాలేజీ ఉంది. 1921లో ఇంటర్మీడియట్ తరగతులతో కాలేజీ అయింది. అంతకు మూడేళ్ళ ముందు, 1918లో, ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. చార్మినారు నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో హుస్సేనీ ఆలంలో ఆడపిల్లలకు ప్రభుత్వ కళాశాల ఉంది. ఫలక్‌నుమాలో డిగ్రీ కళాశాల ఉంది. కులీ కుతుబ్ షా పేరు మీద ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. చార్మినారు పక్కనే నిజామియా తిబ్బి కళాశాలలో యునానీ వైద్యం నేర్పుతారు.

ఇన్ని ఉన్నా, ఆ గోడల పక్కనే పుట్టి పెరిగిన పిల్లలు ఎందరో పదో తరగతితో ఆగిపోవడం నేను చూశాను. ఆగిపోయినవారందరూ తెలివి లేనివారు కారు. కొందరికి ఆ కాలేజీ తమ కోసమేనని తెలియదు. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్ల ఇంగ్లీషు పుస్తకం చూసి మొదటి నెలలోనే బెదిరిపోతుంది. ఆమెకు తొమ్మిదో తరగతిలోనే ఎవరైనా చెప్పి ఉంటే, రోజుకు పది ఇంగ్లీషు మాటల చొప్పున సైన్సు పదాలు నేర్చుకుని సిద్ధంగా ఉండేది. ఉర్దూ చదివి ఉండటమే యునానీ వైద్య విద్యకు ఒక అర్హత అని, గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూలోనే పాలిటెక్నిక్ డిప్లమా చదవవచ్చునని చెప్పే మనిషి లేకపోతే, ఆ పిల్ల తన భాషను అడ్డుగోడ అనుకుంటుంది. మీ ఊళ్ళో తెలుగు మాధ్యమం పిల్లవాడికీ ఇదే భయం. గోడ ఒకటే, రంగు వేరు.

కాబట్టి పాతబస్తీ నాకు నేర్పినది ఇది. కాలేజీ దగ్గరగా ఉన్నంత మాత్రాన పిల్లవాడు అందులో అడుగుపెట్టడు. మధ్యలో ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి చేసే పని

సంఘంలో పాలు చూసి ధర కట్టరు కదా. చిక్కగా కనబడినంత మాత్రాన వెన్న ఎక్కువ అనుకోరు. శాంపిల్ తీసి పరీక్ష చేసి, వెన్న ఎంత, ఇతర ఘన పదార్థాలు ఎంత అని కాగితం మీద రాసి చెబుతారు. పిల్లవాడి విషయంలో మాత్రం మనం చూపుతోనే ధర కట్టేస్తాం. 'చురుకైనవాడు, ఇంజినీరు చేద్దాం' అంటాం. 'మందకొడి, వీడికెందుకు చదువు' అంటాం. మార్గదర్శక ఉపాధ్యాయుడు మూడేళ్ళ మార్కులు వరుసగా పెట్టి చూస్తాడు. లెక్కల్లో ఎక్కడ తగ్గాడు, ఏ పాఠం అడిగితే కళ్ళు మెరుస్తాయి, చేతిపని బాగా చేస్తాడా, నలుగురితో మాట్లాడగలడా, ఇవన్నీ గమనిస్తాడు.

తర్వాత ఇంటిని తెలుసుకుంటాడు. తండ్రి ఎంత భరించగలడు, ఆడపిల్లను ఎంత దూరం పంపగలరు, ఇంట్లో పొద్దున పాలు పితికే పని ఎవరి మీద ఉంది అన్నవి చిన్న విషయాలు కావు. పిల్లవాడిని చూసి ఇంటిని మరచిపోయిన సలహా ఆరు నెలల్లో తిరగబడుతుంది.

ఆ తర్వాతనే దారులు చెబుతాడు. ఎలాంటి దారులో క్లుప్తంగా మనవి చేస్తాను.

ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. తీసుకున్నవాడు ఇంజినీరింగుకు వెళ్ళవచ్చు. తర్వాత మనసు మారితే కామర్సుకో, లా చదువుకో వెళ్ళడానికి కూడా వీలుంది. సి.ఇ.సి. తీసుకున్నవాడికి ఇంజినీరింగు తలుపు తెరుచుకోదు. బైపిసి తీసుకున్నవారికి వైద్యం, పశువైద్యం, వ్యవసాయం, నర్సింగు దారులున్నాయి. అందువల్ల అందరినీ ఎం.పి.సి.లోకి తోయమని నేను చెప్పడం లేదు. లెక్కలంటే వణికే పిల్లను అందులో కూర్చోబెడితే రెండేళ్ళూ పోతాయి. ఏ తలుపు మూస్తున్నామో తెలిసి మూయాలి అంటున్నాను.

పాలిటెక్నిక్ ఇంజినీరింగ్ డిప్లమా మూడేళ్ళు. అది పూర్తయ్యాక ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. బాసరలోని ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. పదో తరగతి ఫలితాలను బట్టి ఆరేళ్ళ చదువులో చేర్చుకుంటారు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అక్కడ అదనపు వెసులుబాటు ఉంది. ఐ.టి.ఐ.లు ఉన్నాయి. ఇంటర్ ఒకేషనల్ కోర్సులు ఉన్నాయి. అందులో పశుపోషణ, డెయిరీ టెక్నాలజీ కూడా ఒకటి.

పాడి కుటుంబాల వారు ప్రత్యేకంగా వినవలసిన మాట ఇంకొకటి. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద పదో తరగతి తర్వాత రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లమా ఉంది. ఎం.పి.సి. చదివినవారికి కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీలో బి.టెక్. ఉంది. బైపిసి చదివినవారికి అయిదున్నరేళ్ళ పశువైద్య పట్టా ఉంది. రోజూ పశువును చూస్తూ పెరిగిన పిల్లకు ఈ చదువుల్లో సగం పాఠం ఇంట్లోనే వచ్చి ఉంటుంది. కానీ మన ఇళ్ళలో 'నేను పేడ ఎత్తాను, నా కొడుకు ఎత్తకూడదు' అని ఈ చదువులను పక్కకు నెడతారు. డాక్టర్ వర్ఘీస్ కురియన్ గారు డెయిరీ చదువు కోరి వెళ్ళినవారు కారు. ఆయన మెకానికల్ ఇంజినీరు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ డెయిరీ శాఖలో దొరికితే అమెరికా వెళ్ళారు. 1949లో ఆనంద్‌కు వచ్చి, అక్కడే ఉండిపోయారు. ఆ మనిషి వల్ల ఈ దేశపు పాడి రైతుకు ఏం ఒరిగిందో ఈ గదిలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

బర్రెను అమ్మి ఫీజు కట్టేముందు

పదో తరగతి పరీక్షలు పూర్తికాకముందే ఇంటికి మనుషులు వస్తారు. 'సీట్లు అయిపోతున్నాయి, ఈ రోజు అడ్వాన్సు కడితే రాయితీ' అంటారు. తండ్రి తొందరపడి పాలిచ్చే బర్రెను అమ్ముతాడు. రోజుకు ఆరు లీటర్లు పోసే పశువు పోయిందంటే ఆ ఇంటికి రోజువారీ రాబడి పోయినట్టే. మొదటి ఏడాది ఫీజు కట్టారు సరే, రెండో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? మధ్యలో చదువు ఆగితే పశువూ పోయింది, పట్టా కూడా రాలేదు.

ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ట్యూషన్ ఫీజు లేదు. ప్రైవేటులో చేర్చాలనుకుంటే రెండేళ్ళ మొత్తం ఫీజు, హాస్టలు, పుస్తకాలు, పరీక్ష ఫీజు అన్నీ కాగితం మీద రాయించుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. మార్కుల మెమో, టి.సి. అసలు ప్రతులు ఎక్కడా ముందే ఇచ్చేయకండి. అవి ఒకరి బీరువాలో పడితే, మంచి సీటు వచ్చిన రోజున పిల్లవాడు కదలలేడు.

కాగితాలు

సీటు పోగొట్టుకున్న పిల్లల్లో మార్కులు లేక పోగొట్టుకున్నవారి గురించే అందరూ మాట్లాడతారు. కాగితం లేక పోగొట్టుకున్నవారూ ఉన్నారు. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపేముందే పిల్లవాడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని చూసుకోవాలి. మెమో వచ్చాక దిద్దించుకోవడం చాలా తిరుగుడు పని. స్థానికత తేల్చడానికి చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఊరు మారినవారు ఇవి ముందే తెచ్చుకోవాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీసుకోవాలి. పిల్లవాడి పేరున బ్యాంకు ఖాతా ఉండి ఆధార్‌తో కలిసి ఉండాలి. ఉపకారవేతనం కోసం ఈ-పాస్‌లో దరఖాస్తు చేసుకోవాలి. దానికి తరగతి హాజరు కూడా చూస్తారు, కాబట్టి పొలం పనులకని పిల్లవాడిని వారాల తరబడి ఆపుకోకూడదు.

పాలిటెక్నిక్, పశుసంవర్ధక డిప్లమాలు కోరేవారు పాలిసెట్ పరీక్ష రాయాలి. పదో తరగతి ఫలితాలు వచ్చాక చూద్దామని కూర్చుంటే ఆ దరఖాస్తు గడువు దాటిపోవచ్చు. దూడ పాడికి రావాలంటే ఏళ్ళ ముందు నుంచి మేపాలి. ఈనిన రోజున దాణా పెడితే పాలు రావు. కాలేజీ చదువుకు సిద్ధం కావడం కూడా ఎనిమిదో తరగతిలో మొదలు కావలసిన పని.

ఆడపిల్ల సంగతి

పదో తరగతి పూర్తయ్యేసరికి ఆడపిల్లకు పదిహేను, పదహారేళ్ళు ఉంటాయి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేయడం చట్టరీత్యా నేరం. ఆ మధ్య సంవత్సరాల్లో పిల్ల ఇంట్లో కూర్చుంటే నాలుగు సంబంధాలు గుమ్మం ఎక్కుతాయి. కాలేజీకి వెళుతూ ఉంటే తల్లికి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. 'చదువుతోంది, పూర్తికానీయండి' అని. పాతబస్తీలో ఈ ఒక్క మాట ఆసరాగా డిగ్రీ దాకా వెళ్ళిన అమ్మాయిలు ఉన్నారు. అక్కడ మార్గదర్శక ఉపాధ్యాయురాలి పని గ్రూపు చెప్పడంతో ఆగదు. తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి కళాశాల చూపించాలి. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, సాయంత్రం ఎన్నింటికి ఇంటికి చేరుతుంది, తోడు ఎవరున్నారు అన్నవన్నీ తేల్చాలి. అప్పుడే తండ్రి ఒప్పుకుంటాడు.

తప్పిన పిల్లవాడి పక్కన నిలబడాలి

ఇది చెప్పడానికి బాధగా ఉంటుంది, కానీ చెప్పకుండా వెళ్ళలేను. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రులకు ఏ మెమో ఆ పిల్లలను తిరిగి ఇవ్వలేదు. ఫలితాలు వచ్చిన రోజున పిల్లవాడిని ఒంటరిగా వదలకండి. నలుగురిలో తిట్టకండి. తప్పినవారికి కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. అందులో పాసై అదే ఏడాది పైచదువులో చేరవచ్చు. అదీ కాకపోతే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదీ, ఇంటరూ చదువుకోవచ్చు. మనసు మరీ కుంగిపోయిందనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం వారి ఉచిత సహాయ కేంద్రం. ఈ నంబరును పాల కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని నా ప్రార్థన.

సంఘం ఏం చేయగలదు

మీ ఊరి బడికి కౌన్సిలర్ ఎప్పుడు వస్తారో నేను చెప్పలేను. అంతవరకు మన పిల్లలు ఆగరు. ఊళ్ళో ప్రతి ఇంటినీ రోజుకు రెండు పూటలా పలకరించే సంస్థ పాల సంఘం ఒక్కటే. ఎవరి ఇంట్లో ఎన్ని పశువులున్నాయో, ఏ నెల బిల్లు తగ్గిందో కార్యదర్శికి తెలుసు. ఏ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉందో కూడా తెలిసే ఉంటుంది. కాబట్టి ఈ కొద్ది పనులు చేయండి.

మొదటిది, జూలై నెలలో సభ్యుల ఇళ్ళలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల జాబితా ఒక పుస్తకంలో రాయండి. రెండవది, దసరా సెలవుల్లో ఒక రోజు కాగితాల రోజుగా పెట్టుకుని, ప్రతి పిల్లవాడి ఆధార్, పేరు, పుట్టిన తేదీ, ధ్రువపత్రాలు సరిచూడండి. మూడవది, సంక్రాంతికి ఇంటికి వచ్చే ఊరి కాలేజీ పిల్లలను కేంద్రం దగ్గర కూర్చోబెట్టి పదో తరగతి పిల్లలతో మాట్లాడించండి. పశువైద్యుడు గారిని కూడా పిలవండి. నాలుగవది, దరఖాస్తుల చివరి తేదీలను పాల ధర రాసే బోర్డు పక్కనే రాయండి. అయిదవది, మీ బైలాలు అనుమతించిన మేరకు, మహాజన సభ తీర్మానంతో, దరఖాస్తు ఫీజు కట్టలేని పిల్లవాడికి ఆ ఫీజు సంఘం కట్టండి. మొత్తం మీద అది పెద్ద ఖర్చు కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. దారి చూపేవాడు దారి నిర్ణయించకూడదు. కార్యదర్శి గారు చెప్పారని పిల్లవాడిని ఒక గ్రూపులో తోస్తే, రేపు తప్పినప్పుడు మాట సంఘం మీదికి వస్తుంది. వివరాలు చెప్పండి, కాగితాలు సరిచూడండి, కాలేజీ చూపించండి. నిర్ణయం పిల్లవాడు, తల్లిదండ్రులు కలిసి కూర్చుని తీసుకోవాలి. ఆ కూర్చోవడంలో పిల్లవాడి మాట మొదట వినాలి.

సోదర సోదరీమణులారా, ఒక్క లీటరు పాలు పోసే సభ్యురాలికీ, నలభై లీటర్లు పోసే సభ్యుడికీ ఒకే కొలత, ఒకే పరీక్ష అన్నది సహకార సంఘం ధర్మం. ఊళ్ళో చదువుకున్న ఇంటి పిల్లవాడికి దారి చెప్పేవారు ఇంట్లోనే ఉంటారు. చదువుకోని ఇంటి పిల్లకు ఎవరూ ఉండరు. ఆ పిల్లకు కూడా అదే సమాచారం, అదే తేదీకి, అదే బోర్డు మీద అందించగలిగితే సంఘం తన ధర్మాన్ని పాల క్యాను దాటి ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోయినట్టే. వచ్చే జూలైలో ఆ జాబితా పుస్తకం తెరుస్తారని ఆశిస్తున్నాను.